ఐదు వారాల సెలవుకు నాన్నగారి కారు బీమా: నా అనుభవం

మొన్న గురువారం సాయంత్రం నాలుగు గంటలకు, మా నాన్నగారి పాత వ్యాగనార్ కారుకు మా అమ్మ పేరు మీద రాసిన బీమా కాగితం నా చేతికి వచ్చింది. ఐదు వారాల సెలవులో పదకొండు రోజులు ఆ కాగితం కోసమే పోయాయి. నాలాగే పరదేశం నుంచి నెలా నెలన్నర ఉండి వెళ్లడానికి వచ్చి, ఇంట్లో ఊరికే ఉన్న కారును నడపాలనుకునేవారు చాలామంది ఉంటారు కాబట్టి, జరిగినది జరిగినట్టు గుర్తున్నప్పుడే రాస్తున్నాను.

నేను పద్నాలుగేళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాను. అక్కడ స్నేహితుల కారును ఒక్క రోజు నడపవలసి వచ్చినా, ఆ ఒక్క రోజుకే, కావాలంటే గంటల లెక్కన కూడా, మన పేరు మీద తాత్కాలిక బీమా తీసుకోవచ్చు. ఫోనులో పది నిమిషాల పని. ఇక్కడా అటువంటిదే ఉంటుందనుకుని, బయలుదేరే ముందు నాన్నగారి పాలసీ ఉన్న కంపెనీకి ఫోను చేసి, ఐదు వారాలకు నా పేరు చేర్చమని అడిగాను. అటువైపు అమ్మాయి ఎంతో ఓపికగా వివరించింది. మన దేశంలో బీమా బండికి ఉంటుంది గాని నడిపే మనిషికి ఉండదు. యజమాని అనుమతితో, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న వారెవరు నడిపినా అది వర్తిస్తుంది. నెలకో రెండు నెలలకో వేరే పాలసీ అమ్మరు, కాబట్టి నా పేరు చేర్చవలసిన అవసరమే లేదు. ఈ మాట విని పని అయిపోయిందనుకున్నాను. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. కాని ఆ యజమాని పదమూడు నెలల క్రితం కాలం చేశారని ఆమెకు నేను చెప్పలేదు. చెప్పాలని నాకు తోచలేదు.

లైసెన్సు సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. నా పాత ఇండియా లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయింది. రోడ్డు రవాణాపై దేశాల మధ్య కుదిరిన 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇంగ్లండులో దుకాణంలోనే, ఐదున్నర పౌండ్లు కట్టి, ఒక ఫోటో ఇచ్చి తీసుకున్నాను. అది ఏడాది చెల్లుతుంది. బ్రిటిషు లైసెన్సును, దీనిని రెండింటినీ కలిపి దగ్గర ఉంచుకోవాలి.

మా ఊరు రాజోలు దగ్గర, కాలువ గట్టును ఆనుకుని ఉంటుంది. నాన్నగారి సంవత్సరీకం ముగిశాక అమ్మ కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించాలని, అందుకు రాజమహేంద్రవరం నాలుగైదుసార్లు తిరగవలసి ఉంటుందని ముందే అనుకున్నాం. కారు తీయబోయే ముందు, నాన్నగారు స్వయంగా 'కారు కాగితాలు' అని రాసి పెట్టిన నీలిరంగు ఫైలు తెరిచాను. 2014 నుంచి ఏటా పాలసీలు, పక్కన రెండేసి రంధ్రాలతో, తారీఖుల వరుసలో ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఒక కాగితం మాత్రం రంధ్రాలు లేకుండా, నాలుగు మడతలుగా ఉంది. అది నాన్నగారు పోయిన ఐదు నెలల తరువాత, ఆయన పేరు మీదే, ఇంకా నాలుగు నెలల గడువుతో ఉన్న పాలసీ. నాన్నగారి కాలం నుంచి మా ఇంటికి వచ్చే ఏజెంటు ఎప్పటిలాగే వచ్చి, అమ్మ దగ్గర ఐదు వేలు తీసుకుని కట్టాడట. కాగితం మీద మొత్తం మూడు వేలు కూడా లేదు. నాన్నగారి దినానికి వచ్చి మా పెరట్లో భోజనం చేసి వెళ్లిన మనిషికి, ఆయన లేరన్న సంగతి తెలియదనుకోవడానికి వీల్లేదు.

పేరు మార్పించుకుందామని మరునాడు అమ్మను వెంటబెట్టుకుని దగ్గరి పట్టణంలో ఆ కంపెనీ కార్యాలయానికి వెళ్లాను. కౌంటరు వెనుక ఉన్న ఆయన మరణ ధ్రువపత్రాన్ని, పాలసీని పక్కపక్కన పెట్టి, రెండు తారీఖుల మీద పెన్ను ఆనించి, గదిలో ఉన్న ఏడెనిమిది మందికీ వినబడేలా, "ఏమ్మా, మనిషి పోయిన ఐదు నెలలకు ఆయన పేరు మీద పాలసీ కట్టావా? ఇది మోసం కింద వస్తుంది తెలుసా?" అన్నాడు. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. హెడ్మాస్టరు గారి భార్యగా నలభై ఏళ్లు ఊళ్లో అందరిచేతా 'అమ్మగారూ' అనిపించుకున్న మనిషి. "ఆ అబ్బాయి ఏటా కట్టేవాడండీ, ఈ ఏడూ వచ్చి కట్టాడండీ" అని మెల్లగా చెప్పింది. ఆయన ఆమె వైపు చూడకుండా కూతురినైన నన్ను ఉద్దేశించి, "మగపిల్లలెవరూ లేరా మీకు? ఉంటే వాళ్లను రమ్మనండి" అన్నాడు. వాడుతున్నది నేనని, హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి అభ్యంతరం లేదని చెబుతున్నా వినిపించుకోకుండా, ఆ పాలసీ చెల్లదని, సి-బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం, అమ్మ పేరుకు మారితే తప్ప కొత్తది రాయలేమని చెప్పి, కాగితాలను బల్ల మీదుగా ఇటు తోశాడు. మరణ ధ్రువపత్రం జారి కింద పడింది. అమ్మే వంగి తీసుకుని, దాని మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

ఆటోలో తిరిగి వస్తుండగా కాలువ లాకులు దాటేవరకు అమ్మ ఏమీ మాట్లాడలేదు. దాటాక, "నేను చేసింది తప్పేనా అమ్మా?" అని అడిగింది. తూకం వేసే కుర్రాణ్ణి కూడా 'ఏవండీ' అని పలకరించే ఊళ్లు మావి. నిబంధన చెప్పడానికి గొంతు పెంచనక్కరలేదు, ముసలితల్లిని నలుగురిలో దొంగను చేయనక్కరలేదు. ఆయన చెప్పిన నియమం సరైనదే కావచ్చు. ఆయన ప్రవర్తనను మాత్రం నేను క్షమించలేను.

ఆ రాత్రి పాలసీ షరతులను మొదటి నుంచి చివరి దాకా చదివాను. యజమాని మరణిస్తే పాలసీ వెంటనే రద్దు కాదు; మరణించిన తేదీ నుంచి మూడు నెలల వరకు గాని, దాని గడువు తీరేవరకు గాని, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. ఆ లోపల వారసులు మరణ ధ్రువపత్రంతో తమ పేరుకు మార్పించుకోవాలి. అదే విధంగా రవాణా శాఖకు ముప్పై రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31, అంటే యజమాని పోయాక బండిని వారసుల పేరుకు మార్చమనే దరఖాస్తు, దాఖలు చేయాలి. ఏజెంటు ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి చెప్పినా ఇంత జరిగేది కాదు.

సోమవారం రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లాం. అక్కడ మర్యాదగానే మాట్లాడారు, కాని ఫారం 31తో పాటు చెల్లుబాటయ్యే బీమా పత్రం జతచేయాలన్నారు. బీమావారు సి-బుక్కు మారితేగాని బీమా ఇవ్వమంటారు, రవాణావారు బీమా ఉంటేగాని సి-బుక్కు మార్చమంటారు. ఈ రెండింటి మధ్య నాలుగు రోజులు తిరిగాను. ఇంతలో గ్రామ సచివాలయం ద్వారా దరఖాస్తు చేసుకున్న కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం వచ్చింది. తమ్ముడు హైదరాబాదులో స్టాంపు కాగితం మీద తన అంగీకారం రాసి, నోటరీ చేయించి పంపాడు. నేను ఇక్కడ నాది రాసి ఇచ్చాను.

చివరికి ముడి విప్పింది రాజమహేంద్రవరంలో మరో కంపెనీ కార్యాలయంలోని ఒక పెద్దావిడ. కాగితాలన్నీ చూసి, సి-బుక్కు ఇంకా నాన్నగారి పేరునే ఉన్నా, చట్టబద్ధమైన వారసురాలిగా అమ్మ పేరు మీద పాలసీ రాయవచ్చని చెప్పి, ముందు అమ్మను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించింది. కారు పాతది, సొంత నష్టం, అంటే మన కారుకే జరిగే నష్టం, కూడా కలపాలంటే బండిని పరిశీలించాలి. నాకు ముఖ్యం గట్టు మీద సైకిళ్లపై వెళ్లే బడిపిల్లలకు నా వల్ల ఏమైనా జరిగితే ఎవరు బాధ్యత వహిస్తారన్నది. అందువల్ల ఇతరులకు జరిగే నష్టానికి వర్తించే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే తీసుకున్నాను. వెయ్యి సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 2,471 రూపాయలు. కంప్యూటరు లెక్కలో యజమాని-డ్రైవరుకు ఇచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా చేరి వచ్చింది. యజమానికి లైసెన్సు లేకపోతే అది వర్తించదని, అమ్మ ఎన్నడూ స్టీరింగు పట్టలేదని చెప్పి తీయించాను. ఏజెంటు రాసిన కాగితంలో, పోయిన మనిషి పేరు మీద, అది కూడా ఉంది. ఈ ఒక్క విషయంలో చదివి వెళ్లినందుకు నాకు గర్వంగానే ఉంది.

ఆ కాగితంతో మరునాడే రవాణా కార్యాలయంలో ఫారం 31 తీసుకున్నారు, ఆలస్యానికి కొంత రుసుము కట్టించుకున్నారు. బానెట్ ఎత్తి, ఛాసిస్ నంబరు మీది మట్టిని తడిగుడ్డతో రుద్ది, కాగితం ఆనించి పెన్సిలుతో ముద్ర తీయడం మాత్రం నేనే చేశాను.

వచ్చేవారికి నేను చెప్పేది ఇది. ఐదు వారాలకైనా ఏడాది పాలసీయే కొనాలి. రెండున్నర వేల దగ్గర లెక్కలు వేసుకోవద్దు. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారికే రెండు వేల జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే పరిహారమంతా యజమాని మీద, అంటే ఇంట్లో ఉన్న మీ తల్లి మీద పడుతుంది. విమానం టిక్కెట్టు కొనకముందే సి-బుక్కు మీద ఎవరి పేరుందో ఫోటో తీయించి చూసుకోండి. తెలిసినవారి తెల్ల నంబరు పలక కారును రోజుకింత అని ఇచ్చి తీసుకోవద్దు. సొంత వాడకానికి రాసిన పాలసీ అద్దెకు తిప్పితే పనికిరాదు. నడపడం మీకు ప్రాణం కాకపోతే డ్రైవరుతో ట్యాక్సీ మాట్లాడుకోవడమే సుఖం. ఏజెంటును ఇంటి మనిషి అనుకుని కాగితం చదవకుండా డబ్బు ఇవ్వవద్దని మీ పెద్దవాళ్లకు గట్టిగా చెప్పండి.

శనివారం తెల్లవారుజామున అమ్మను ముందు సీటులో కూర్చోబెట్టుకుని నేనే రాజమహేంద్రవరం తీసుకువెళ్లాను. ఆపరేషన్ బాగా జరిగింది. ఏజెంటు ఇంతవరకు ఫోను ఎత్తడం లేదు. ఆయన తీసుకున్న ఐదు వేల గురించి, కౌంటరు దగ్గరి ఉద్యోగి అమ్మతో మాట్లాడిన తీరు గురించి, తారీఖులతో సహా నిన్న నాన్నగారి పాలసీ ఉన్న కంపెనీకి ఫిర్యాదు పంపాను. నెల లోపల జవాబు రాకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు పంపడానికి, అవే కాగితాలు రెండో ప్రతి తీయించి, రంధ్రాలు చేసి, నీలిరంగు ఫైలులో పెట్టాను.