పద్యానికి ఒన్స్‌మోర్, కచేరీకి ఆవలింత

ఒడిశాలోని మా బరంపురంలో, తెలుగు ఇళ్ళలో శాస్త్రీయ సంగీతం మాట వచ్చినప్పుడు ఎక్కువగా వినిపించే తీర్పు ఒక్కటే: "అది మనకు పడదు." ఆ మాట అన్నవారిలో ఒక్క కృతినైనా మొదటినుంచి చివరిదాకా కూర్చుని విన్నవారు బహు తక్కువ. విన్న తరువాత నచ్చలేదనే హక్కు ఎవరికైనా ఉంది, దానితో నాకు పేచీ లేదు. వినకముందే ఆ తీర్పు ఎక్కడినుంచి వచ్చి పడుతున్నదన్నదే నేను ఆలోచిస్తున్న సంగతి. ఎందుకంటే ఇదే మనుషులు మా ఊరి పట్టుచీరను మడత విప్పి, అంచు వెనక్కి తిప్పి, వెలుతురులో పట్టి చూడనిదే ధర ఊసు ఎత్తరు.

సంగీతాభిమానులు దీనికి చెప్పే కారణం చాలా సులువైనది: వాళ్ళకు చెవి లేదు, జ్ఞానం లేదు, సినిమా పాటలు విని పాడైపోయారు. ఈ మాట నేను ఒప్పుకోను. ఇచ్ఛాపురం, పలాస, పర్లాకిమిడి చుట్టుపక్కల పౌరాణిక నాటకం చూసినవారెవరూ ఒప్పుకోలేరు. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం ముగించి, చివరి అక్షరాన్ని పట్టుకుని రాగం అందుకున్నాడంటే, అర్ధరాత్రి దాటిన వేళ చాపల మీద, గోనెపట్టాల మీద కూర్చున్న జనంలో ఒక్కరు కదలరు. వారిలో రైతులుంటారు, కూలివాళ్ళుంటారు, పగలంతా జీడిపిక్కలు కొట్టి వచ్చిన ఆడవాళ్ళుంటారు. నటుడు పైషడ్జం, అంటే పైస్థాయి 'స', మీద నిలిచి, ఊపిరి ఉన్నంతసేపూ నిలిచి, మెల్లగా కిందికి దిగగానే "ఒన్స్‌మోర్" అని కేకలు పెట్టేది వాళ్ళే. అతను పాడినది మోహనో కల్యాణో వారికి తెలియనక్కరలేదు. నిరుడు వచ్చిన నటుడు ఈ పద్యం దగ్గర రాగం ఇంతకన్నా బాగా తీశాడని మాత్రం తడుముకోకుండా చెప్పగలరు. చెవి లేనివారు చేయగల పని కాదది. అంత చెవి ఉన్న మనిషే కచేరీలో ఆలాపన మొదలైన రెండు నిమిషాలకు "ఏటీ సాగదీత" అని చెప్పులు వెతుక్కుంటాడు. నిజానికి సాగదీత రెండుచోట్లా ఉంది, నాటకంలోనే కొంచెం ఎక్కువగా ఉంది.

తేడా ఎక్కడుందంటే, నాటకంలో ఆ రాగం ఎందుకు వచ్చిందో చూసేవాడికి తెలుసు. ఆలిని అమ్ముకున్న రాజు, కాటికాపరి వేషం, ఎదురుగా కొడుకు శవం. ఇంత ముందుగానే అమరి ఉన్నాక రాగం ఎంతసేపు సాగినా మనసు దానిని మోయగలదు. కచేరీలో ఆ ఆసరా ఉండదు. గాయకుడు వస్తాడు, శ్రుతి సరిచూసుకుంటాడు, ఏ రాగమో ఏ కృతో ఎవరికీ చెప్పకుండా మొదలుపెడతాడు, ముందు వరసలో కూర్చున్న నలుగురైదుగురు పెద్దమనుషులు తలలు పంకిస్తారు, వెనక కూర్చున్నవాడికి తాను పిలవని పేరంటానికి వచ్చానని అర్థమవుతుంది. ఒకప్పుడు ఈ రెంటికీ నడుమ హరికథ ఉండేది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల నెలకొల్పినప్పుడు దానికి మొదటి ప్రిన్సిపాలుగా ఆదిభట్ల నారాయణదాసు గారిని, అంటే కాళ్ళకు గజ్జెకట్టి జనం మధ్య కథ చెప్పే మనిషిని, కూర్చోబెట్టడం ఇప్పుడు తలచుకున్నా నాకు ముచ్చటగా ఉంటుంది. కథ కోసం వచ్చినవాడి చెవిలో రాగమూ తాళమూ అడగకుండానే పడేవి. హరికథలు పలచబడిన తరువాత ఆ పని చేసేవారు లేకపోయారు, కచేరీ చేసేవారు ఆ పని తమదనుకోలేదు.

మా సరిహద్దు ఊళ్ళకు అదనంగా ఇంకొక చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది; బరంపురం, పర్లాకిమిడి ఆ రోజుతో ఒడిశాలోకి వచ్చాయి. అదే సంవత్సరం విజయనగరం కళాశాలకు వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాలయ్యారు. రైలుమార్గం ఎక్కడికీ పోలేదు, ఇవాళ బరంపురంలో ఎక్కినా విజయనగరంలో దిగవచ్చు, మారినది బడి. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతారు, తెలుగు అక్షరాలు చాలామందికి రావు. తమిళనాడులో సంగీతం నేర్చుకునే పిల్లలు త్యాగరాజ కృతులను తమ లిపిలో రాసుకుని, అర్థం అడిగి తెలుసుకుని పాడుకుంటూ ఉండగా, ఆ భాషే ఇంటిభాషగా ఉన్న మా పిల్లలు "మాటలు అర్థం కావు" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఒక్క అక్షరం మీద స్వరాలు అరడజను నడిచేటప్పుడు పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పాట సాహిత్యం ముందే చూసి ఉన్నవాడికి తెలుస్తుంది. చూడనివాడికి అది తెలుగన్న సంగతే తోచదు. కచేరీకి ముందు ఆనాటి కృతుల పల్లవులను ఒక కాగితం మీద తెలుగులోనూ ఒడియా లిపిలోనూ అచ్చువేసి పంచిపెట్టడానికి అయ్యే ఖర్చు వేదిక మీద కప్పే శాలువాలో సగం కూడా ఉండదు. శాలువా మానరు, కాగితం వేయరు.

ఇక లోపలి విషయానికి వస్తాను. మా మేనమామ కొడుకు, నాకు బావ వరస, ఒకసారి నా పక్కన కూర్చుని అడిగిన ప్రశ్న చాలామంది మనసులో ఉన్నదే: "ఏటి బావా, ఒకే ముక్క పదిసార్లు పాడతాడేటి? అవతలి ముక్క మరిచిపోయేడా?" అప్పుడు నడుస్తున్నది ఖరహరప్రియలో త్యాగరాజు కృతి 'చక్కని రాజమార్గము'. అతని ప్రశ్న వెటకారమే అయినా, అతను పట్టుకున్న చోటు సరైనది. ఒకే ముక్కను కొంచెం కొంచెం మార్చి మళ్ళీ మళ్ళీ పాడడం మరపు కాదు, అలా మారిన ఒక్కొక్క వరసనే సంగీతంలో 'సంగతి' అంటారు. మొదటిసారి పల్లవి దాదాపు తిన్నగా నడుస్తుంది; రెండోసారి చివరి మాట దగ్గర చిన్న మలుపు వస్తుంది; మూడోసారికి ఆ మలుపు ఇంకొంచెం ముందునుంచే మొదలవుతుంది; ఆపై గొంతు పైస్థాయి వైపు ఎగబాకి, మొదట్లో చదునుగా ఉన్న అదే మాట మీద ఇప్పుడు వరసలు జారుతూ వస్తాయి, కానీ ఎంత తిరిగినా ఆదితాళం మొదటి దెబ్బకు లెక్క తప్పకుండా పల్లవి ఎత్తుగడ తన చోటికి వచ్చి చేరుతుంది. ఇంతా జరిగేది ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది లెక్కల, ఆవర్తంలోనే: ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆపైన దెబ్బా తిప్పూ రెండుసార్లు. ఈ లెక్క తొడ మీద వేసుకుంటూ విన్నవాడికి ప్రతి సంగతీ ముందటిదానికన్నా ఎక్కడ పెరిగిందో తెలుస్తుంది. వేయనివాడికి అది పదిసార్లు పాడిన ఒకే ముక్క. బావకు తాళం చూపించాను. నాలుగు ఆవర్తాలు వేశాడు, అయిదోదానికి ఫోను మోగింది, బయటికి పోయాడు. అంతటితో అతను రసికుడైపోయాడని చెప్పను. మరుసటిరోజు ఫోనులో మాత్రం "ఆ మూడు వేళ్ళ తరవాతేటి?" అని అడిగాడు.

రాగాల విషయంలో ఇంకొంచెం సూక్ష్మమైన ఇబ్బంది ఉంది. ఆరభికీ దేవగాంధారికీ ఆరోహణ, అంటే స్వరాలు పైకి ఎక్కే వరస, ఒకటే, కిందికి దిగే అవరోహణ ఒకటే; కాగితం మీద చూస్తే ఒకే రాగానికి రెండు పేర్లు పెట్టారనిపిస్తుంది. ఆరభి చురుకుగా, స్వరాల మీద ఎక్కువ ఊపు లేకుండా, గబగబ మెట్లు దిగినట్టు నడుస్తుంది. దేవగాంధారి గమకాలతో, అంటే స్వరాలను ఊపి పలికిస్తూ, నెమ్మదిగా, ప్రతి మలుపులోనూ కాసేపు ఆగుతూ సాగుతుంది. ఈ సంగీతంలో అసలు విషయమంతా స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న ఈ నడకలో ఉంటుంది. దూరంనుంచి వచ్చే శబ్దంలో మొట్టమొదట పోయేది కూడా అదే. శ్రీరామనవమి పందిట్లో దీని గతి చూడాలి. పానకం పంపిణీకీ పెద్దల ఉపన్యాసాలకూ మధ్య అరగంట ఖాళీలో కచేరీ పెడతారు. మైకు కుర్రవాడు సంగీతమనగానే భక్తిగా ఎకో పెంచుతాడు, ఆ ఎకోలో గమకమంతా ఒకదానిమీద ఒకటి పడి ముద్దవుతుంది, మృదంగం ఎడమవైపు పెట్టెలోంచి గుండెల మీద గుద్దుతుంది, తంబూరా అసలు వినబడదు. ఆ మోతను విన్నవాడు లేచిపోయాడంటే అతనికి చెవి ఉన్నట్టే లెక్క. పెళ్ళిళ్ళ సంగతి ఇంకా అన్యాయం: సన్నాయి ఆయన పొద్దున్నుంచీ ఎంత చక్కని ఆలాపన చేసినా ఎవరూ తలెత్తరు, పంతులుగారు వేలెత్తి గట్టిమేళం అన్నప్పుడే అందరికీ అతను కనబడతాడు, అప్పుడు అతను వాయించవలసినది ఇతర శబ్దాలేవీ వినబడకుండా చేయడానికి.

"అది అగ్రహారం వాళ్ళ వ్యవహారం" అని పక్కకు నెట్టేవారి మాట మాత్రం పైవాటన్నిటికన్నా బరువైనది, దానిని తేలికగా తీసుకోకూడదు. సభలలో ఎవరు పాడారో, ఎవరు విన్నారో, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోయారో చూసినవారి కోపం అది. ఈ విషయం లేవనెత్తిన గాయకుడు టి.ఎం. కృష్ణకు 2016లో మెగసెసే పురస్కారం వచ్చిందంటే, ప్రశ్న ఊహాజనితం కాదని తెలుస్తూనే ఉంది. అయితే ఆ కోపం సభ మీదినుంచి రాగం మీదికి మళ్ళినప్పుడు, రాగాన్ని తరతరాలుగా మోసుకొచ్చినవారు కూడా దానితోపాటు తుడిచిపెట్టుకుపోతారు. సన్నాయి పట్టినది మంగలి కుటుంబాలు. పదాలూ జావళీలూ కాపాడినది కలావంతుల ఆడవారు, అంటే దేవదాసీలు. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆ ఆచారంలోని దోపిడీకి అడ్డుకట్ట వేసింది కాని, వారి పాట ఏ గొంతులోకి పోయి ఎవరి పేరున చెలామణి అయిందో అడిగినవారు తక్కువ. ప్రకాశం జిల్లా కరవదినుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబుకు మద్రాసు సంగీత అకాడమీ 1998లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఇది మనది కాదని వదిలేయడమంటే, లాక్కున్నవారికి పట్టా రాసి ఇవ్వడమే. అభిమానుల గర్వం కూడా ఈ గొడవలో తక్కువ పాత్ర వహించలేదు. శిశువుకూ పశువుకూ పాముకూ కూడా గానరసం తెలుస్తుందన్న శ్లోకం చదివిన నోటితోనే, జ్ఞానం లేనివాడికి కచేరీలో ఏం పని అని అంటారు.

ఇదంతా తెలుగువారికే పరిమితమనుకోకండి. మా వీధిలో ఒడియా ఇళ్ళలో ఆడపిల్లలు ఒడిస్సీ నృత్యంతోపాటు చంపూ పాటలు నేర్చుకుంటారు. కవిసూర్య బలదేవ రథ్ రాసిన కిశోర చంద్రానన చంపూలో పాటలు 'క' నుంచి 'క్ష' దాకా వర్ణక్రమంలో సాగుతాయి, సంస్కృతమూ ఒడియా కలగలిసి ఉంటాయి. కవి మా గంజాం సీమవాడే. తెలుగువారు దానిని "ఒడియా భజన" అనేస్తారు, ఒడియావారు మన కృతిని "మద్రాసీ పాట" అనేస్తారు. గోడకు అటూ ఇటూ నివసిస్తూ ఒకరి పాట ఒకరు ఏళ్ళ తరబడి వినకుండా ఉండగలగడం, ఒక రకంగా, సామాన్యమైన సాధన కాదు.

వినే తోసిపుచ్చిన మనిషి ఎలా ఉంటాడో కూడా చెప్పాలి, లేకపోతే అలాంటివారే లేరని నేను వాదిస్తున్నట్టవుతుంది. మా పెద్దమావయ్య రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. విశాఖపట్నం రేడియో స్టేషను కచేరీలు ఏళ్ళ తరబడి విన్నారు. వయొలిన్ అంటే ప్రాణం, వీణ ఫరవాలేదు, మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే తనియావర్తనం మొదలవగానే రేడియో గొంతు తగ్గించి కాఫీకి లేస్తారు. తాళం వేసుకుంటూ వింటే ముగింపు దెబ్బల వరస, అదే తీర్మానం, తాళం మొదటి దెబ్బకు వచ్చి పడినప్పుడు బాగుంటుంది కదా మావయ్యా అంటే, "వేశానురా, లెక్క సరిగ్గానే వచ్చింది. లెక్క సరిపోయినంత మాత్రాన నాకు సంతోషం ఎందుకు కలగాలి? ముప్ఫయ్యేళ్ళు గూడ్సు ఆఫీసులో చేసింది ఆ పనే" అన్నారు. అందుకు నా దగ్గర జవాబు లేదు, ఆయనకు అవసరమూ లేదు. కాఫీ అయ్యాక, తని ముగిసి పల్లవి మళ్ళీ ఎత్తుకునే సమయానికి, రేడియో గొంతు పెంచుతారు.