మా అబ్బాయి వడ్రంగి పని నేర్చుకుంటున్నాడు

పదో తరగతి అయ్యాక వడ్రంగి పని నేర్చుకుంటానని మా పెద్దవాడు చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జర్మనీలోని కొలోన్‌లో ఉంటున్నా, నా మనసు మాత్రం మా ఊరి నడివీధిలోనే ఉంది. అక్కడ వడ్రంగి కొడుకే వడ్రంగి అయ్యేవాడు, మిగతావాళ్లం పని చేయించుకునేవాళ్లం. ఆ రాత్రి నా ఏడుపు పిల్లవాడి భవిష్యత్తు గురించి కాదు, చుట్టాలకు ఏం చెప్పాలా అని. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఇక్కడ తొమ్మిదో తరగతిలో బడివాళ్లే పిల్లలను రెండు మూడు వారాలు ఏదైనా పనిచోటికి పంపుతారు. వీడు ఒక చిన్న వడ్రంగి దుకాణం ఎంచుకున్నాడు. బడి ఎలా ఉందంటే "బాగానే ఉంది" అని తప్ప రెండో మాట చెప్పని పిల్లవాడు, జుట్టు నిండా రంపపు పొట్టుతో వచ్చి, అన్నం తింటూ, అడగకుండానే గంటసేపు మాట్లాడాడు.

పదో తరగతి అయ్యాక, దుకాణంలో పని చేస్తూనే వృత్తి నేర్చుకునే చదువును ఇక్కడ 'ఔస్‌బిల్డుంగ్' అంటారు. వడ్రంగానికి మూడేళ్లు. దుకాణంతో ఒప్పందం ఉంటుంది, నెలనెలా భత్యం వస్తుంది, వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి బడి. చివరి పరీక్షకు తన సొంత నమూనాతో ఒక వస్తువు చేసి చూపాలి. ఆ తరువాత 'మైస్టర్', అంటే ఇతరులకు పని నేర్పే నిపుణుడు, అయ్యేదాకా చదవవచ్చు. జర్మనీ అర్హతల పట్టికలో దానికీ బ్యాచిలర్ డిగ్రీకీ ఒకటే మెట్టు, ఆరోది.  

ఏ వారం ఏం చేశాడో వాడు ఒక నోటుపుస్తకంలో రాయాలి, దుకాణంలో పని నేర్పే మైస్టర్ సంతకం చేయాలి. అది పూర్తి కాకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఒక పేజీ నాకు కంఠతా వచ్చేసింది. పైన్ చెక్కతో సొరుగు మూల, పిట్టతోకలా విచ్చుకునే అతుకు. వాలు ఆరుకు ఒకటి. రెండుసార్లు చెడింది, ఉలికి పదును పెట్టాక మూడోసారి కుదిరింది. పక్కనే పెన్సిలు బొమ్మ, సందు మిగిలిన చోట ఎర్రగీత. నేను లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని. నిష్పత్తులు నేర్పబోయి ఇదే పిల్లవాడిని ఎన్నిసార్లు ఏడిపించానో! నా నోటితో చెప్పి ఎక్కించలేనిది ఒక చెక్కముక్క ఎక్కించింది.

మా నాన్నకు ఫోనులో ఈ బొమ్మ చూపించాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు ఫోను పట్టుకుని మా ఊరి వడ్రంగి ఇంటికి నడిచి వెళ్లారు. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చే మావాడు, చెక్కను నున్నగా చేసే పనిముట్టు చూపిస్తూ, ఆ వడ్రంగి పెద్దాయనతో మాటలు వెతుక్కుంటూ తెలుగులోనే మాట్లాడాడు.

"తాతగారూ, నేను దీన్ని తోస్తుంటే చెక్క పైకి లేస్తోంది."

"అది చిత్రిక బాబూ. చెక్కలో గీతలు ఎటు పోతుంటే అటే తొయ్యి, ఎదురు పోకు."

ఆ వారం పేజీలో, పనిముట్టు జర్మన్ పేరు పక్కన, వంకర అక్షరాలతో 'చిత్రిక' అని ఉంది. దాని కిందే మైస్టర్ సంతకం.