ఇల్లు ఓనర్‌ది, ఖాతా వాళ్ళ నాన్నది, తిప్పలు నావి: నా జీఎస్టీ కథ

నిన్న సాయంత్రం జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది. 29తో మొదలయ్యే 15 అక్షరాల నంబరు. మెయిల్ చూసి ముందు నమ్మలా, పోర్టల్‌లోకి వెళ్ళి ఇంకోసారి చూసుకున్నా. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, రెండు రోజులాగితే మర్యాదగా రాస్తానేమో అని భయం.

కొత్తగా చదివేవాళ్ళకి నా సంగతి రెండు ముక్కలు. మాది తెనాలి, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాం, మారతహళ్ళి పక్కన మున్నెకొళాలలో అద్దెకి ఉంటాం. మూడేళ్ళుగా ఈ బ్లాగులో పొడులు, పచ్చళ్ళు, మా అమ్మమ్మ కొలతలు రాస్తున్నా. నల్లకారం గురించి రాస్తే ఎవరో "అక్కా, చేసి అమ్మొచ్చుగా" అన్నారు, అదిగో అక్కడ తగులుకుంది. మొదట్లో చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనే అమ్మేదాన్ని. నా కందిపొడి గురించి నేనే చెప్పుకోకూడదు గానీ చెప్తా, పప్పు సన్నసెగ మీద ఎర్రగా వేగాక పూర్తిగా చల్లారనిచ్చి, మిక్సీ వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పుతా, అందుకే నెలయినా వాసన పోదు. షాపు పొడి తిని "కందిపొడి అంటే ఇంతే" అనుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

తిండి సరుకు అమ్మాలంటే ఉండాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తేలిగ్గా అయిపోయింది. అప్పటి రూలు ప్రకారం ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపు కాబట్టి బేసిక్ రిజిస్ట్రేషన్ చాలింది, ఏడాదికి 100 రూపాయలు, వాళ్ళ ఫోస్కోస్ సైట్‌లో నేనే చేసుకున్నా, 14 అంకెల నంబరు లేబుల్ మీద వేసుకున్నా.

హైదరాబాద్ నుంచీ గుంటూరు నుంచీ ఆర్డర్లు అడగడం మొదలెట్టాక వచ్చింది అసలు తంటా. ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితేనే కదా జీఎస్టీ అని అందరూ అంటారు, నేనూ అదే ధీమాలో ఉన్నా. కానీ సరుకు రాష్ట్రం దాటితే ఆ 40 లక్షల లెక్క పనికిరాదు, మొదటి డబ్బా పంపే ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఒక కన్సల్టెంట్ దగ్గరికి వెళ్తే 4000 అడిగాడు (గవర్నమెంటు ఫీజు సున్నా అని గుర్తుపెట్టుకోండి), పైగా "కాంపొజిషన్ తీసుకోండి మేడమ్, ఏ గొడవా ఉండదు" అన్నాడు. కాంపొజిషన్ అంటే చిన్న వ్యాపారులకి లెక్కలు తేలిక చేసే స్కీము, కానీ అందులో ఉంటే వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. నేను వచ్చిందే హైదరాబాద్‌కి పంపడం కోసం అని ఆ మనిషికి రెండుసార్లు చెప్పా! నాలుగు వేలు మిగిలాయని లేచొచ్చేశా.

పాన్, ఓటీపీలు, 100 కేబీ లోపు ఫొటో, ఇవన్నీ ఒక మధ్యాహ్నం పని. మధ్యలో బాబుకి జ్వరమొచ్చి వదిలేస్తే 15 రోజులు దాటి టీఆర్ఎన్ (దరఖాస్తు పూర్తయ్యేదాకా ఇచ్చే తాత్కాలిక నంబరు) పోయింది, మళ్ళీ మొదటినుంచి కొట్టా. మీరు మొదలుపెడితే ఆపకండి.

ఇక అడ్రస్ ప్రూఫ్. అద్దె ఇల్లయితే అగ్రిమెంటు, దాంతో పాటు ఓనర్ పేరు మీద ఏదో ఒక కాగితం కావాలి, ఇంటి పన్ను రసీదో, ఖాతా కాపీయో (ఇక్కడ ఖాతా అంటే ఇల్లు ఎవరి పేరు మీద ఉందో చెప్పే మున్సిపాలిటీ రికార్డు, బ్యాంకుది కాదు), కరెంటు బిల్లో. బెంగళూరులో అందరికీ ఉండే 11 నెలల అగ్రిమెంటే మాదీ, రిజిస్టర్ చేసింది కాదు, అలాంటప్పుడు ఓనర్ ఐడీ కాపీ కూడా అడుగుతారు. సరే, అడిగితే ఏముంది అనుకుని ఆదివారం పొద్దున్నే కిందకి వెళ్ళా. మా ఓనర్‌ది ఈ ఊరే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ అందులో సగం కన్నడ. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని స్టీలు గ్లాసులో కాఫీ తాగుతున్నాడు. నేను చెప్పులు మెట్టు దగ్గర విప్పి నిలబడ్డా. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంది, దాని మీద పేపరు పెట్టి ఉంది, ఆ పేపరు తీయలా, కూర్చోమనలా.

విషయం చెప్పా. ఏమీ అనకుండా లోపలికెళ్ళి అగ్రిమెంటు కాపీ తెచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో లైను చూపిస్తూ గట్టిగా చదివాడు, "నివాసం కోసం మాత్రమే". "ఏమమ్మా, ఇల్లు ఇచ్చింది కాపురానికి గదా, అంగడికా? రేపు నా మీదికి నోటీసు వస్తే ఎవరు జవాబ్దారి?" ఆయన భయం పూర్తిగా గాలికి పుట్టిందని కూడా అనలేను, 2025 జూలైలో యూపీఐ లెక్కలు చూసి ఇక్కడి చిన్న చిన్న షాపులకి జీఎస్టీ నోటీసులు పంపారు కదా, మా వీధి కొట్ల మీద కూడా "నో యూపీఐ, క్యాష్ మాత్రమే" అని కాగితాలు అంటించారు. అదే చెప్తాడేమో, నచ్చజెబుదాం అనుకున్నా. ఈలోపు నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. ఆ పైపు పట్టుకున్న అబ్బాయిని పిలిచి మరీ, "ఇట్ల చూడప్పా, ఈయమ్మ నా ఇంట్లో ఊరగాయ కంపెనీ పెడతాదంట" అన్నాడు. వాడు నవ్వాడు. పై పోర్షన్ బ్యాచిలర్ కుర్రాళ్ళు బైక్ తీస్తూ ఆగి చూస్తున్నారు. నేనూ నవ్వా, అదే నాకిప్పటికీ మింగుడుపడటం లేదు, ఎందుకు నవ్వానో తెలియదు. ఎంఎస్సీ చదివా, నెలనెలా ఒకటో తారీఖున అద్దె వేస్తా, ఐదు నెలల అడ్వాన్స్ ఆయన దగ్గరే ఉంది, ఒక రసీదు జిరాక్స్ కోసం ట్యాంకర్ అబ్బాయి ముందు వెర్రి నవ్వు నవ్వుకుంటూ నిలబడ్డా.

ఆ రాత్రి మా ఆయన వెళ్ళి మాట్లాడితే కుర్చీ వేశారంట, కాఫీ ఇచ్చారంట. ఆడది అడిగితే ఊరగాయ కంపెనీ, మగాడు అడిగితే బిజినెస్ అన్నమాట. బేరం మాత్రం తెగింది, నెలకి 1500 అద్దె పెంచి రసీదు, ఆధార్ కాపీ ఇచ్చాడు. పోనీలే అని ఏమీ చూడకుండా అప్‌లోడ్ చేశా.

తొమ్మిదో రోజు నోటీసు. అగ్రిమెంటులో పేరు వేరు, ట్యాక్స్ రసీదులో పేరు వేరు, వివరణ ఇవ్వండి, 7 పనిదినాలు టైము. అప్పుడు తీసి చూశా, రసీదు వాళ్ళ నాన్నగారి పేరు మీద ఉంది. కరెంటు బిల్లు తీశా, అదీ ఆయన పేరే. ఆ పెద్దాయన పోయి పదేళ్ళు దాటింది, హాల్లో దండ వేసిన ఫొటో నేనే చూశా. ఓనర్‌ని అడిగితే ఈసారి గొంతు లేవలా, "చూద్దాం" అని లోపలికెళ్ళిపోయాడు. డాబా మీద బట్టలారేస్తుంటే వాళ్ళావిడ మెల్లిగా చెప్పింది, ఖాతా మారలేదంట, ఇద్దరు ఆడపడుచులు భాగం అడుగుతున్నారంట, కోర్టులో ఉందంట. "నీ మీద కోపం కాదమ్మా ఆయనకి, ఆ కాగితం బయటికి పోవడమే ఇష్టం లేదు" అంది. అంటే ఆ రోజు వరండాలో అంత గొంతు చేసుకున్నది ఈ కాగితం దాచుకోవడానికా! డెత్ సర్టిఫికెట్, వంశవృక్షం, అక్కచెల్లెళ్ళ సంతకాలు, ఇవి నాకెవరిస్తారు? ఉన్నదేదో జతచేసి జవాబిచ్చా. రిజెక్ట్ చేశారు. ఆఫీసర్ని మాత్రం తిట్టను, ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు.

మూడు వారాలు బ్లాగు ముట్టుకోలా. "బతికే ఉన్నావా అక్కా" అని మెయిల్ కూడా వచ్చింది. రామ్మూర్తినగర్‌లో ఉండే మా పిన్నికి ఫోన్లో ఇదంతా చెప్పి ఏడిస్తే, "ముందే నన్నడిగితే నీ నోరు పడిపోయేదా? నా ఫ్లాటు నా పేరు మీద ఏడ్చింది కదే" అంది. నిజంగానే తట్టలేదు. పిన్ని తెల్లకాగితం మీద ఒప్పుకుంటున్నట్టు రాసి సంతకం పెట్టింది, తన ఆధార్, తన పేరు మీద ట్యాక్స్ రసీదు ఇచ్చింది, అంతే. కేంద్రం ఆఫీసర్లకి 2025 ఏప్రిల్ 17న ఇచ్చిన ఇన్‌స్ట్రక్షన్‌లో ఏయే కాగితాలు అడగాలో వివరంగా ఉంది, బంధువుల ఇల్లయితే ఇవే చాలని అందులోనే చదివా. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు దరఖాస్తు మొదలెట్టకముందు అది చదవండి, దానికన్నా ముందు ఓనర్ దగ్గర ట్యాక్స్ రసీదు అడిగి దాని మీద పేరు చూడండి.

కాగితం మీద పిన్ని ఇల్లు పెట్టి ఇక్కడ వంట చేసే దొంగపని నాకొద్దు, మిక్సీ, డబ్బాలు, సీలింగ్ మెషిన్ అన్నీ అక్కడికే మార్చేశా. అడ్రస్ మారింది కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ అక్కడికి వేరేగా తీసుకున్నా, ఇంకో 100. రోజూ టిన్ ఫ్యాక్టరీ ట్రాఫిక్‌లో గంట పోతోంది, పోనీ. జీఎస్టీకి మళ్ళీ దరఖాస్తు పెడితే వెరిఫికేషన్‌కి ఒకాయన వచ్చాడు, బోర్డు ఉందా, సరుకు ఎక్కడ పెడతారు అని చూసి, ఫొటోలు తీసుకుని, కాఫీ కూడా వద్దని పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. పిన్ని ముప్పై ఏళ్ళ కన్నడం మొత్తం ఆయన మీద ప్రయోగించింది.

నంబరు వచ్చేశాక పని అయిపోయిందనుకోవద్దు, ఒక్క డబ్బా అమ్మకపోయినా రిటర్న్ (అమ్మకాల, పన్ను లెక్క) వేయాలి, ఖాళీ రిటర్న్‌కి కూడా లేటయితే రోజుకి 20 రూపాయలు. అది నేను ఫోన్‌లో అలారం పెట్టుకున్నా.

ఇంకొకటి మిగిలింది. ఆ రసీదు పనికిరాలేదు, ఊరగాయ కంపెనీ ఆయన ఇంట్లోంచి పోయింది, మరి పెంచిన 1500 సంగతేంటి? మా ఆయన పోనీలే అంటాడు. ఇవాళ ఒకటో తారీఖు. పాత అద్దే వేశా. ఇప్పటిదాకా కిందనుంచి పిలుపు రాలా.