అరిగిన క్లైంబింగ్ షూకి హనుమకొండలోనే సోల్ వేయించాను

వరంగల్ చుట్టూ మడికొండ వైపు వెళ్లినా, ధర్మసాగర్ వైపు వెళ్లినా కనిపించేది గ్రానైట్ రాయే. పలుగురాయి పలుకులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి కాలికి పట్టు బ్రహ్మాండంగా దొరుకుతుంది. కానీ రాళ్లెక్కడానికి వేసుకునే షూ రబ్బరు మాత్రం ఆకురాయి మీద రుద్దినట్టు అరిగిపోతుంది. హైదరాబాద్‌లో జిమ్ముల్లో కృత్రిమ గోడలు ఎక్కేవాళ్ల షూ ఎన్నాళ్లు వస్తుందో అన్నాళ్లు మన దగ్గర రాదు.

నేను ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది కదా, ఆమె తొలి శిక్షణ కూడా అక్కడే. ఆ తర్వాత మా వైపు హాస్టళ్లలో చదివే పిల్లలకు కూడా ఈ ఆట మీద ఆశ పుట్టింది. ఎక్కడానికి గుట్ట ఉంది, నేర్పేవాళ్లు ఉన్నారు. షూ దగ్గరికి వచ్చేసరికే అందరం ఆగిపోతాం. ఓ మాదిరి కొత్త జత కొనాలన్నా నా జీతంలో సగానికి పైగా పోతుంది. అందుకే ఉన్న జతనే బాగు చేయించాలని గట్టిగా అనుకున్నాను.

ముందు ఏది అరిగిందో సరిగ్గా చూసుకోవాలి. క్లైంబింగ్ షూలో రెండు రకాల రబ్బరు ఉంటుంది. కింద సోల్ మామూలుగా నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. వేళ్ల చుట్టూ పైకి చుట్టి ఉండే పలుచని రబ్బరును రాండ్ అంటారు, అది దాదాపు రెండు మిల్లీమీటర్లే. కొత్త షూలో ఈ రెండూ కలిసే చోట ఒక గీత కనిపిస్తుంది. బొటనవేలు దగ్గర ఆ గీత చెరిగిపోయిందంటే సోల్ అయిపోయినట్టే. ఇంకా ఎక్కుతూ పోతే రాండ్ అరిగి, ఆ తర్వాత తోలు బయటపడుతుంది. అప్పుడు పని రెట్టింపు, ఖర్చు కూడా అంతే. నా ఎడమ షూకి గీత ఇంకా లీలగా ఉంది. కుడి షూ ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కితే రాండ్ మెత్తగా లోపలికి పోయింది. చిల్లు పడలేదు కానీ పడే దారిలో ఉంది.

హనుమకొండ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే ఒక పెద్దాయన ఉన్నాడు. మా ఇంట్లో అందరి చెప్పులూ ఆయన దగ్గరికే పోతాయి. షూ చేతిలో పెట్టగానే అటూ ఇటూ తిప్పి, "ముక్కు గింత ఇరుకున్నది, కాలెట్ల పడుతది బిడ్డా?" అన్నాడు.

"ఇరుకుగనే ఉండాలె కాకా. లోపల వేళ్లు మెదిలితే రాయి మీద నిలబడలేం."

అరగని చోట రబ్బరులోకి గోరు దించి చూశాడు. గోరు గుర్తు కాసేపు అలాగే ఉండి మెల్లగా పోయింది. "గిది చెప్పుల రబ్బరు కాదు. రబ్బరు నువ్వు తే, అతుకుడు నాది. నా దగ్గరున్న టైరు ముక్క ఏస్తే నువ్వు జారి పడ్తవ్" అని తేల్చేశాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. టైరు రబ్బరును ఎక్కువ కాలం మన్నేలా గట్టిగా తయారుచేస్తారు. రాయి ఎగుడుదిగుళ్లలోకి ఒదిగే మెత్తదనం దానికి ఉండదు. 1980ల మొదట్లో స్పెయిన్‌కు చెందిన బోరియల్ కంపెనీ అతుక్కునే రబ్బరుతో షూ తెచ్చినప్పుడు, అంతవరకు కాలు నిలవని నున్నటి రాళ్ల మీద కూడా మనుషులు నిలబడగలిగారు. అంత తేడా ఉంటుంది. అందుకే డబ్బు ఆదా ఎక్కడైనా చేయవచ్చు కానీ రబ్బరు దగ్గర మాత్రం వద్దు. బెంగళూరులో ఎక్కే స్నేహితుడొకరితో క్లైంబింగ్ షూ సోల్‌కు వాడే విబ్రమ్ కంపెనీ రబ్బరు షీటు, నాలుగు మిల్లీమీటర్ల ముక్క తెప్పించుకున్నాను. నా ఖర్చులో పెద్ద భాగం అదే, కొరియర్‌తో కలిపి వెయ్యి దాటింది. సోల్‌లో వేళ్ల వైపు సగం మాత్రమే మార్చాలనుకున్నాం కాబట్టి ముక్క సరిపోయింది. మడమ వైపు రబ్బరు ఎవరి షూలోనూ పెద్దగా అరగదు.

పాత సోల్ తీసే పని ఇంట్లో నేనే చేశాను. ముందు పాత టూత్‌బ్రష్‌తో, గోరువెచ్చటి నీళ్లతో మట్టి కడిగి నీడలో ఆరబెట్టాను. పాదం వంపు దగ్గర అడ్డంగా బ్లేడుతో గీత పెట్టాను. ఆ గీత నిలువుగా కాకుండా ఏటవాలుగా ఉండాలి, కొత్త ముక్క అంచు దాని మీద ఒదిగి కూర్చుంటుంది. తర్వాత మా అక్క హెయిర్ డ్రయ్యర్‌తో రబ్బరు వేడి చేస్తూ కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని కొంచెం కొంచెంగా లాగాను. వేడెక్కితే పాత గమ్ము మెత్తబడి సోల్ వస్తుంది. బలవంతంగా లాగితే లోపలి అట్ట కూడా చీలిపోతుంది. కుడి షూ రాండ్ పలుచబడిన చోట చాలా నిదానంగా చేయాల్సి వచ్చింది. రెండు షూలకు ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది.

గమ్ము గురించి ఒక మాట. చటుక్కున అంటుకునే సూపర్ గ్లూ దీనికి పనికిరాదు. అది ఎండితే గాజులా పెళుసవుతుంది, షూ వంగిన ప్రతిసారీ పగులుతుంది. కావాల్సింది సింథటిక్ రబ్బరుతో చేసే కాంటాక్ట్ గమ్ము. ఫర్నిచర్ పనివాళ్లు రెక్సిన్ అంటించడానికి వాడే ఎస్ఆర్ రకం ఇదే, హార్డ్‌వేర్ షాపులో చిన్న డబ్బా దొరుకుతుంది. పెద్దాయన దీన్ని సొల్యూషన్ అంటాడు. వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి మూసిన గదిలో వాడకూడదు.

వానలు బాగా తగ్గాకే పని పెట్టుకున్నాం. ముసురులో గమ్ము మీద తేమ చేరితే అతుకు నిలవదు.

ముందు రాండ్ పని. దీని మీదికి సోల్ అంచు వస్తుంది కాబట్టి ఇది మొదట అయిపోవాలి. మా గ్రూపులో ఒకరి పాత షూ, పైభాగమంతా చినిగి మూలన పడి ఉంది. దాని మడమ పక్కనుంచి పలుచని ముక్క కోసుకెళ్లాను. పెద్దాయన దాన్ని చెక్క మీద పెట్టి రంపెతో, అంటే తోలు కోసే కత్తితో, అంచులు చెక్కాడు. చుట్టూ సన్నబడుతూ పోయి చివరికి కాగితమంత పలుచగా అయింది. వేలితో తడిమితే ముక్క ఎక్కడ మొదలైందో తెలియనంత నున్నగా కుదిరింది. షూ మిషన్ల మీద చేసే పనిని ఆయన మోకాలి మీద పెట్టుకుని చేశాడు. ఇలాంటి చేతి పనికి మనం ఇచ్చే కూలి చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

షూ లోపల గుడ్డలు బిగించి కూరాం. ఖాళీగా ఉంటే సుత్తి దెబ్బకు ఆకారం పోతుంది. నా షూ అడుగు సమంగా ఉండే రకం కాబట్టి గుడ్డలతో సరిపోయింది. ముక్కు కిందికి వంగి ఉండే షూ అయితే దానికి తగ్గ అచ్చు లేకుండా చేయించవద్దని నా సలహా, అతికించేటప్పుడే ఆ వంపు చదునైపోతుంది.

తర్వాత అతికే రెండు వైపులా గరుకు కాగితంతో బాగా రుద్ది, దుమ్ము దులిపి, పలుచగా గమ్ము పూశాడు. మొదటి పూతను తోలు, అట్ట పీల్చేస్తాయి. అది ఆరాక రెండోది. వేలి వెనకవైపుతో ముట్టుకుంటే జిగురుగా ఉండాలి కానీ వేలికి అంటకూడదు. అప్పటిదాకా ఆగడమే అసలు పని. నాకు తొందర, ఆయనకు ఏ తొందరా లేదు. "పచ్చి మీద పెడితే రేపే ఊడి వస్తది" అని బీడీ ముట్టించడానికి దూరంగా పోయాడు. ఆ గమ్ము దగ్గర నిప్పు పెట్టకూడదని ఆయనకు బాగా తెలుసు.

ముక్కు దగ్గర మొదలుపెట్టి వంపు వైపు పరుచుకుంటూ వచ్చాడు. ఈ గమ్ము ఒకసారి తగిలిందంటే జరపడం కుదరదు. తర్వాత మధ్యలోంచి అంచులకు సుత్తితో కొట్టుకుంటూ వచ్చి లోపలి గాలి పోగొట్టాడు. పాత సైకిల్ ట్యూబును చీలికలుగా కోసి షూ చుట్టూ బిగించి కట్టాం. రెండు రోజులు అసలు ముట్టుకోలేదు.

చివరగా అంచు. మిగిలిన రబ్బరును రంపెతో కోసేశాడు, కానీ చివరి సన్నపు పని నేనే ఇంట్లో చేసుకుంటానన్నాను. రాతి మీది చిన్న పెచ్చు మీద నిలబడేది ఆ అంచుతోనే కాబట్టి అది ఎలా ఉండాలో ఎక్కేవాడికే తెలుస్తుంది. చెక్క ముక్కకు గరుకు కాగితం చుట్టి బొటనవేలి లోపలి అంచు పదునుగా వచ్చేదాకా రుద్దాను. కొత్త సోల్ మీది మెరుపు కూడా తేలిగ్గా రుద్ది తీసేశాను, లేకపోతే మొదట్లో జారుతుంది.

కూలి ఎంత అంటే నూటయాభై అన్నాడు. మూడొందలు ఇచ్చాను. రబ్బరు, గమ్ము, కాగితం అన్నీ కలిపి పదిహేను వందల లోపే అయ్యింది.

మొదట నేలకు దగ్గరగా ఉండే చిన్న రాళ్ల మీదే వాడాను. అతుకు మీద నమ్మకం కుదిరాకే తాడు కట్టుకుని ఎక్కాను. రబ్బరు మందంగా ఉండటంతో రాయి స్పర్శ కొన్నాళ్లు మొద్దుగా అనిపించింది, వాడేకొద్దీ సర్దుకుంది. ఇప్పుడు షూ వేసుకుని మట్టిలో నడవను, రాయి ఎక్కేముందు సోల్ తుడుచుకుంటాను. ఎండాకాలం బండి డిక్కీలో అస్సలు వదలను, ఆ వేడికి గమ్ము మళ్లీ మెత్తబడుతుంది.

మా గ్రూపులో ఇంకో అమ్మాయి జత ఇప్పుడు పెద్దాయన దగ్గరుంది. దానికి రాండ్ చిల్లు పడి వేలు కనిపిస్తోంది. ముందు తోలుకు లోపలి నుంచి మాసిక వేసి, ఆ తర్వాతే రబ్బరు అంటిస్తానన్నాడు. ఈసారి షీటు కొంచెం పెద్దది తెమ్మన్నాడు, ఇంకా ఎవరైనా వస్తారేమోనని.