తురిమిన చెత్తకు దిమ్మిస కొడితే

పీజీలో జియోటెక్నికల్ ఇంజనీరింగ్ (నేల, మట్టి బలాన్ని లెక్కగట్టే శాస్త్రం) చదివేటప్పుడు చేసిన షియర్ పరీక్షల్లో, అంటే పెట్టెలో పోసినదాని పై సగాన్ని పక్కకు నెట్టి అది ఎంత బలంగా ఆపుకుంటుందో కొలిచే పరీక్షల్లో, మట్టి కంటే చెత్తే నాకు ఎక్కువ నేర్పింది. 30 సెంటీమీటర్ల చదరపు పెట్టెలో పట్టాలంటే ముక్కలు చిన్నవిగా ఉండాలి కనుక, ముక్కుకు గుడ్డ కట్టుకొని పాలిథిన్ సంచులను, చీర పీలికలను, కొబ్బరి పీచును కత్తెరతో కత్తిరించి, పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టేవాళ్లం. దెబ్బ దెబ్బకూ ఆ పీలికలు చాప పరిచినట్టు అడ్డంగా పడుకొనేవి. పెట్టె పై సగాన్ని పక్కకు నెడితే ఒకదానిపై ఒకటి జారిపోయేవి. అదే చెత్తను పీలికలు నిలువుగా ఉండేలా అమర్చినప్పుడు మాత్రం, నెట్టేకొద్దీ అవి బిగుసుకొని బలం పెరుగుతూనే పోయేది. గట్టి ఇసుకలో కనిపించే గరిష్ఠ స్థానం, అంటే బలం ఇక పెరగక తగ్గడం మొదలయ్యే చోటు, గ్రాఫులో ఎంతకీ వచ్చేది కాదు. అందుకే చెత్త మొత్తానికీ ఒకే ఘర్షణ కోణం (ముక్కల ఒరిపిడి వల్ల జారకుండా నిలిచే బలాన్ని తెలిపే కొలత) చెప్పడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ల్యాండ్‌ఫిల్‌లో (ఊరి చెత్తను పోసి పూడ్చే చోట) నింపే ముందు చెత్తను ష్రెడ్డర్‌లో, అంటే ముక్కలుగా తురిమే యంత్రంలో, వేయడం వల్ల మేలు లేకపోలేదు. పెద్ద ఖాళీలు పోతాయి, చెత్తను అణచే కంపాక్టర్ యంత్రం అన్నే సార్లు తిరిగినా సాంద్రత ఎక్కువ వస్తుంది, కుంగుబాటు కొంత సమంగా ఉంటుంది. (కుంగుబాటే ఆగుతుందని కాదు, కుళ్లడం ఏళ్ల తరబడి సాగుతుంది.) కానీ ఆ తురుము పీలికల పొడవును కూడా తగ్గిస్తుంది, చెత్త వాలుకు పట్టునిచ్చేది ఆ పొడవే. 2005 ఫిబ్రవరి 21న ఇండోనేషియాలోని బాండుంగ్ దగ్గర లెవిగాజా చెత్తగుట్ట జారి 140 మందికి పైగా చనిపోయారు. భారీ వర్షాలకు అడుగు నేలలో పెరిగిన నీటి ఒత్తిడితో పాటు, లోపల రగులుతున్న నిప్పు ప్లాస్టిక్ పీలికలను కాల్చి గుట్ట పట్టును దెబ్బతీయడం కూడా అందుకు కారణమని పరిశోధకులు తేల్చారు.

నీటి సంగతి మన ఊళ్లకు మరీ ముఖ్యం, ఎందుకంటే మన చెత్తలో తడి భాగం చాలా ఎక్కువ. తురిమి గట్టిగా అణచిన చెత్తలో, పైబరువు పెరిగేకొద్దీ నీరు ఇంకే వేగం పైపొరతో పోలిస్తే వందో వంతుకు, ఒక్కోసారి వెయ్యో వంతుకు పడిపోతుంది. అప్పుడు వాననీరు కిందికి దిగే దారిలేక మధ్యలోనే నిలిచి, ముక్కల మధ్య ఒరిపిడిని తగ్గిస్తుంది. సాంద్రత ఎంత పెరిగిందన్నదే చూసి సంబరపడే గుత్తేదారు ఆ నీటిని లెక్కలో వేసుకోడు.

ఆనాటి నా నివేదికలో ఘర్షణ కోణం ఉంది కానీ, ముక్కల పొడవు గానీ, పీలికలు ఏ దిశగా పడుకున్నాయో గానీ ఎక్కడా రాయలేదు.