ఆకాశవర్షజలము త్రాగు నేల

మోయాబు మైదానంలో, యొర్దాను దాటకముందు, మోషే ఇశ్రాయేలు ప్రజలతో చెప్పిన మాటల్లో రైతు చప్పున పట్టుకునే మాట ఒకటుంది. ఐగుప్తులో మీరు "కూరతోటకు నీరు కట్టినట్లు" కాళ్లతో చేలకు నీళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు పోయే దేశం అట్లాంటిది కాదు, కొండలూ లోయలూ ఉన్నది. "అది ఆకాశవర్షజలము త్రాగును" (ద్వితీయోపదేశకాండము 11:10, 11).

ఐగుప్తులో వాన లేకున్నా నైలు ఉంది. మడవ తీస్తే నీళ్లు పారతాయి, మూస్తే ఆగుతాయి. బానిసత్వమే కానీ నీటికి భరోసా ఉంది. దేవుడు వాళ్లను ఆ భరోసా నుంచి తీసుకొచ్చి మబ్బు కోసం తలెత్తి చూసే నేల మీద నిలబెట్టాడు. పైగా దాన్నే మంచి దేశమన్నాడు.

మా నల్లగొండ జిల్లాలో ఆ రెండు దేశాలూ ఉన్నాయి. మిర్యాలగూడ, హాలియా దిక్కు నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద ఉన్నవాళ్లు డ్యాం నిండి 590 అడుగులకు ఎప్పుడొస్తదా అని లెక్క చూస్తుంటారు. దేవరకొండ, చందంపేట దిక్కు వానే ఆధారమైన చెల్కల్లో మిరుగం (మృగశిర కార్తె) వస్తే చూపంతా పైనే. మొదటి వాన పడ్డ తెల్లారి రైతు చెల్కలోకి పోయి, కాలి బొటనవేలితో మట్టి పెకిలించి, గుప్పెడు తీసి పిసికి చూస్తాడు. ముద్ద కట్టిందంటే పదును దొరికినట్టు. అచ్చు తోలిన సాళ్లలో ఆడవాళ్లు వంగి పత్తి గింజలు పెడుతూ పోతారు. ఆ తర్వాత వారం రోజులు వాన మొఖం చాటేస్తే, మొలిచిందీ మాడుతుంది, మొలవందీ మాడుతుంది.

అట్లాంటి నేల గురించే తర్వాతి వచనం: "నీ దేవుడైన యెహోవా కన్నులు సంవత్సరాది మొదలుకొని సంవత్సరాంతమువరకు ఎల్లప్పుడు దానిమీద ఉండును." సృష్టించి వదిలేసిన దేవుడు కాడు. "నీవు భూతలమును నూతనపరచుచున్నావు" అని 104వ కీర్తన పాడేది అందుకే. కాల్వ కింది రైతుకూ ఇది వర్తిస్తుంది. సాగర్ నిండేది కూడా పైన సహ్యాద్రి కొండల మీద పడ్డ వానలతోనే కదా.

అదే అధ్యాయంలో, ప్రజలు అన్యదేవతల దిక్కు తిరిగితే ఆకాశం మూసుకుంటుందన్న హెచ్చరిక కూడా ఉంది. కరువొచ్చిన ఏడు కొందరు ప్రసంగీకులు ఆ వచనం పట్టుకుని, అప్పులపాలైన రైతు పాపాలు వెతుకుతారు. నాకది బాధ. ఆ హెచ్చరిక దేవునితో నిబంధన చేసుకున్న ఒక జనాంగం మొత్తానికి చెప్పింది, ఎండిన చేను గట్టు మీద కూర్చున్న ఒక్క మనిషి మీదికి విసరడానికి కాదు. తండ్రి "నీతిమంతులమీదను, అనీతిమంతులమీదను వర్షము కురిపించుచున్నాడు" అన్నది యేసుప్రభువే. యోబు గ్రంథంలోనైతే, మనిషే లేని ఎడారి మీదా వాన కురిపించేది నేనే అంటాడు దేవుడు. అక్కడ పంటా లేదు, పుణ్యమూ లేదు. ఆ నేల ఆయనది, అంతే.

"ఆ భూమి నాదే" అని లేవీయకాండం 25లో ఆయన చెప్పిన మాట మనకు బరువుగానే తగలాలి. మనం కౌలుదారులం. ఏదెను తోటను సేద్యపరచడంతోపాటు కాయమని కూడా ఆదాముకు అప్పగించాడు. వాన నీరు ఇంకే కుంటలు పూడ్చి ప్లాట్లు చేసి, బోర్ల మీద బోర్లు దింపుకుంటూ పోతున్నాం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పల్లెల్లో రాతి పొరల్లోని ఫ్లోరైడ్ నీళ్లలో కలిసి ఎంతమంది ఎముకలు వంచిందో చూసినవాళ్లం, భూమిలోపలి నీటిని ఇంత తేలిగ్గా తీసుకోకూడదు.

మన సంఘాల్లో మిరుగంలో వాన కోసం ప్రార్థిస్తాం, కోతపండుగకు ధాన్యం, గుమ్మడికాయలు తెచ్చి బలిపీఠం ముందు పెడతాం. సంతోషమే. కానీ వచనం సంవత్సరమంతా అంటున్నది. చెల్కలు బోసిపోయి, పాలమూరు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు బొంబాయి, పూణే బస్సులెక్కే నెలలు కూడా అందులో ఉన్నాయి. వలసపోయిన ఆ ఇళ్ల పేర్లు, ఊర్లో మిగిలిన ముసలివాళ్ల పేర్లు, ఎండాకాలం ఆదివారాల్లోనూ ప్రార్థనలో చదవమని మీ సంఘకాపరిని అడగండి. ఆరాధన అయినంక ఆ ముసలివాళ్ల ఇంటికి ఇద్దరు ముగ్గురు పోయి, బియ్యం ఉన్నాయో లేవో కూడా అడిగి రండి.