పాత నగరంలో యాభై బొమ్మల పుస్తకం

కిందటి కార్తీకంలో ఒక శనివారం పొద్దున్నే విజయవాడలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖపట్నం బయలుదేరాను. సంచిలో ఒక జత బట్టలు, భూతద్దం, చిన్న టార్చిలైటు, ఉతికి ఆరేసిన రెండు నూలు తువ్వాళ్లు, ఒక పెన్సిలు, ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. పాత పుస్తకం చూడటానికి వెళ్ళేటప్పుడు పెన్ను దగ్గర ఉంచుకోకపోవడం నాకు అలవాటు. పెన్సిలు గీత పడితే తుడుచుకోవచ్చు, సిరా చుక్క పడితే అది ఇక ఆ పుస్తకంతోనే ఉంటుంది. విశాఖలో అధ్యాపకుడిగా ఉన్న నా మిత్రుడు అంతకు వారం ముందు నాలుగు ఫోటోలు పంపాడు. పాత నగరంలో ఒక ఇంటివారు ఇల్లు ఖాళీ చేస్తున్నారనీ, బీరువాలో ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఒకటి బయటపడిందనీ, దాన్ని ఏం చేయాలో తెలియక తనను అడిగారనీ రాశాడు. ఎర్రమట్టి రంగు గుడ్డ అట్ట మీద బంగారు అచ్చు, లోపల చిత్రకారుడు ఆర్థర్ రాకమ్ పేరు, లండన్‌లోని హాడర్ అండ్ స్టౌటన్ ప్రచురణ సంస్థ పేరు చూశాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అది 1906లో వచ్చిన ‘పీటర్ పాన్ ఇన్ కెన్సింగ్టన్ గార్డెన్స్’.

పీటర్ పాన్ అనగానే మనకు ఓడదొంగల నాయకుడు, అతని చేతి కొక్కెం, మొసలి గుర్తుకు వస్తాయి. అవన్నీ జె.ఎం. బారీ 1904లో ప్రదర్శింపజేసిన నాటకంలోనివి, 1911లో రాసిన నవలలోనివి. ఈ పుస్తకం వేరు. పెద్దల కోసం 1902లో ఆయన రాసిన ఒక నవలలోని కొన్ని అధ్యాయాలను విడదీసి, రాకమ్ చేత 50 రంగుల బొమ్మలు వేయించి దీన్ని తెచ్చారు. ఇందులో పీటర్ ఏడు రోజుల పసిగుడ్డు. కిటికీలోంచి ఎగిరిపోయి లండన్ తోటలోని పక్షుల దీవికి చేరుకుంటాడు. ఇక పూర్తిగా పక్షివీ కావు, పూర్తిగా మనిషివీ కావు అని ఒక ముసలి కాకి అతనికి చెబుతుంది. చాలాకాలానికి అమ్మ దగ్గరికి తిరిగి వచ్చేసరికి కిటికీకి ఊచలు బిగించి ఉంటాయి, ఆమె పక్కలో ఇంకో బిడ్డ నిద్రపోతూ ఉంటుంది. పిల్లల కథలో ఇంతటి దిగులును దాచకుండా చెప్పిన రచయితను, ఆ దిగులును చెట్ల వేళ్ళలోకీ పొగమంచులోకీ దింపిన చిత్రకారుణ్ణి ఒకే పుస్తకంలో చూడటం నాకు ఎప్పటికీ తనివి తీరని విషయం.

నా పిచ్చికి మూలం మాత్రం లండన్‌లో లేదు, మా అమ్మమ్మగారి అటకమీద ఉంది. 1947 జూలైలో మొదలైన చందమామ పాత సంచికలు అక్కడ కట్టలు కట్టలుగా ఉండేవి. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలకు ‘చిత్ర’ వేసిన రాక్షసులు, శిథిలాలయాలు, శంకర్ గీసిన బేతాళుడు, ముఖచిత్రం మీద వడ్డాది పాపయ్య బొమ్మ, దాని మూలన ‘వపా’ అనే సంతకం: అద్భుత కథ అంటే బొమ్మతోనే పుడుతుందని నేను నమ్మిన వయసది. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆ సంచికలను వరుసగా పేర్చి మా ఊళ్ళో ఒకచోట బైండింగుకు ఇచ్చాను. అంచులు సమంగా రావాలని అతను మిషను కింద పెట్టి కోసేశాడు. వెనక్కి వచ్చిన సంపుటాల్లో కొన్ని ముఖచిత్రాల మీద వపా సంతకం సగమే మిగిలింది. ఆ సంపుటాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. తెరిచినప్పుడల్లా ఆ మూలను బొటనవేలితో కప్పి చూస్తాను. వపా నివసించిన కశింకోట అనకాపల్లికి ఆనుకునే ఉంది. రైలు ఆ ప్రాంతం దాటుతుంటే కిటికీలోంచి చెరుకు తోటలనూ వాటి వెనక నీలపు కొండలనూ చూశాను. ఆ నీలం ఆయన బొమ్మల్లో చాలాసార్లు కనిపిస్తుంది.

ఇలాంటి పుస్తకాలను సేకరించేవాళ్ళు వయసు కంటే ముందు చూసేది బొమ్మల లెక్క. రాకమ్ కాలంలో రంగుల బొమ్మలు అచ్చువేసే తీరే దానికి కారణం. నీటిరంగుల చిత్రాన్ని రంగు గాజు పలకల గుండా మూడుసార్లు ఫోటో తీసి, పసుపు, ఎరుపు, నీలం రంగులకు మూడు అచ్చు దిమ్మెలు చేసేవారు. ఆ మూడింటి చుక్కలూ ఒకదానిపై ఒకటి తేటగా పడాలంటే నున్నని ఆర్టు పేపరు కావాలి. కథ అచ్చయ్యే గరుకు కాగితం అందుకు పనికిరాదు. అందుకని బొమ్మలను విడిగా అచ్చువేసి, ఒక్కొక్కదాన్నీ మందపాటి గోధుమరంగు కాగితం మీద చేత్తో అంటించి, దాని ముందు వెంట్రుకంత పలచని పొరకాగితం పెట్టి, దాని మీద బొమ్మ పేరు అచ్చువేసేవారు. ఈ పుస్తకంలో ఒక బొమ్మ మొదట్లో ఉంటుంది, మిగిలిన 49 కథంతా అయ్యాక చివర వరుసగా ఉంటాయి. విడిగా అంటించినది విడిగా ఊడదీయవచ్చు. పుస్తకాన్ని విప్పి ఒక్కో బొమ్మనూ చట్రంలో బిగించి అమ్ముకునే వ్యాపారం దేశదేశాల్లో ఉంది. నన్నడిగితే అది పక్షి ఈకలు పీకి అమ్ముకోవడమే.

బొమ్మ అచ్చు పట్ల ఆ రోజుల్లో ఎంత పట్టుదల ఉండేదో చెప్పడానికి ఆలిస్ కథ ఒక్కటి చాలు. 1865లో లూయీ కారల్ రాసిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ మొదటి ముద్రణ బయటికి రాగానే, తన 42 బొమ్మలు బాగా పడలేదని దాని చిత్రకారుడు జాన్ టెనియల్ అభ్యంతరం చెప్పాడు. రచయిత ఆ ముద్రణనే ఆపించి, పంచిన ప్రతులను వెనక్కి అడిగి, పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేయించాడు. ఆ మొదటి ప్రతుల్లో ఇప్పుడు మిగిలినవి రెండు డజన్లకు మించవు.

మధ్యాహ్నానికి విశాఖలో దిగాను. మిత్రుడు స్టేషనుకు వచ్చి స్కూటరు మీద పాత పోస్టాఫీసు వైపు తీసుకువెళ్ళాడు. సముద్రతీరంలో మేడల మీద మేడలు లేచినా, పాత నగరంలో ఇంకా సందు మలుపు తిరగ్గానే పెంకుటిల్లు, దాని మీదుగా హార్బరు క్రేన్లు, ఆ వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ ఒకేసారి కళ్ళబడతాయి. గాలిలో ఉప్పు, చేపల వాసన, ఎక్కడో వేగుతున్న బజ్జీల వాసన. ఉప్పుగాలి పుస్తకాలకు మేలు చేసేది కాదు. కుట్టు దారం బాగానే ఉన్నా గుండుసూదులు, పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి; తేమకు కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. దారి పొడుగునా నేను ఆ సంగతే ఆలోచిస్తూ ఉన్నాను.

ఆ ఇంటి యజమానురాలికి డెబ్భై అయిదేళ్ళు దాటి ఉంటాయి. వరండాలో కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించాకగాని పుస్తకం ఊసెత్తలేదు. 1933లో తెరిచిన ఇక్కడి ఓడరేవును కట్టేటప్పుడు ఆమె తాతగారు అందులో పనిచేశారట. ఇంగ్లండు తిరిగి వెళ్ళిపోతున్న ఒక దొర ఇంట్లో సామాను వేలం వేస్తే, మంచం కొనడానికి వెళ్ళి మంచంతోపాటు ఈ పుస్తకమూ తెచ్చారట. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినవారు ఆయన ఒక్కరే. మిగతా అందరూ బొమ్మలు చూసి కథ తామే అల్లుకునేవారని ఆమె చెప్పారు.

చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, రెండో తువ్వాలు బల్లమీద పరిచి పుస్తకాన్ని దానిమీద పెట్టాను. వీపు మీది బంగారం కొంత వెలిసింది. పై అంచున గుడ్డ చిట్లింది. అట్ట లోపల వెండిపురుగులు కొరికిన గీతలున్నాయి. అంతకుమించి దెబ్బలేదు. మొదటి బొమ్మ చూసి, కథ దాటి, చివరి భాగానికి వచ్చి ఒక్కొక్క ఆకే తిప్పుతూ నోటుబుక్కులో గీతలు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

“ఏటి బాబూ, లెక్కపెడుతున్నారు?” అని ఆవిడ అడిగారు.

“బొమ్మలన్నీ ఉన్నాయో లేదో చూస్తున్నానండమ్మా. మొత్తం యాభై ఉండాలి.”

“మా ఇంట్లో ఎవ్వరం చింపలేదు బాబూ. తాతగారు చీపురుపుల్లతో కొట్టేవారు.”

ఒక బొమ్మ దగ్గర లెక్క ఆపి భూతద్దం తీశాను. పుట్టగొడుగును రంపంతో కోస్తున్న బుల్లి పనివాళ్ళు అలికిడి విని పనిముట్లు వదిలేసి పారిపోతున్న బొమ్మ అది. అచ్చులో అగ్గిపెట్టె అంత జాగాలో అంత హడావిడి. రాకమ్ ముందు సిరాతో సన్నని గీతలు గీసి, వాటి మీద నీటిరంగులు పొరలు పొరలుగా పూసేవాడు. ఆ రంగు ఎక్కువగా బూడిదకూ గోధుమకూ మధ్యనే తిరుగుతుంది. అందుకే ఎక్కడైనా కాస్త ఎరుపు కనిపిస్తే కన్ను అక్కడే ఆగిపోతుంది. భూతద్దంలో ఆ గోధుమరంగు విడిపోయి పసుపు, ఎరుపు, నీలం చుక్కలుగా కనిపించింది. నూట పదిహేనేళ్ళు దాటిన ఆ చుక్కల మీద ఒక్క మచ్చ కూడా లేదు. మచ్చలన్నీ పొరకాగితం మీదే ఆగిపోయాయి.

చివరికి నా లెక్క 49 దగ్గర ఆగింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. పుస్తకంలోని బొమ్మల జాబితాలో ఉన్న పేర్లతో ఒక్కొక్కటే సరిచూసుకుంటే ఒకటి తక్కువైంది. చిరిగిన ఆనవాలు ఎక్కడా లేదు. అప్పుడు వేళ్ళకు ఒక ఆకు మిగతావాటి కంటే మందంగా తగిలింది. టార్చి వెలుగులో అంచు చూస్తే రెండు ఆకులు కలిసిపోయి ఉన్నాయి. వాటి మధ్య పొరకాగితం లేదు.

అది హుద్‌హుద్ పని. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ తుపాను విశాఖ మీదికి వచ్చిన రోజు పడమటింటి కిటికీ రెక్కలు ఊడిపోయి బీరువా నిండా వాన కొట్టిందని ఆవిడ చెప్పారు. కరెంటు రోజుల తరబడి లేదు. తడిసిన పుస్తకాలన్నిటినీ ఎండలో పెడదామని కోడలు అంటే, కాగితం పెళుసెక్కిపోతుందని ఈవిడే ఆపి, పుస్తకాన్ని నిలబెట్టి ఆకులు విసనకర్రలా విప్పి వరండాలో ఆరనిచ్చారట. అంతకంటే మంచి పని ఎవరూ చేయలేరు. ఆర్టు పేపరు మీద సున్నంలాంటి మెత్తని పూత ఉంటుంది. అది తడిసి, మరో కాగితానికి ఒరుసుకుని ఆరితే జిగురు పెట్టినట్టు పట్టుకుంటుంది. ఆ తరువాత లాగితే బొమ్మే లేచివస్తుంది. మిగిలిన ఆకులన్నిటి మధ్యా పొరకాగితం ఉంది కాబట్టి బతికాయి. చదివేటప్పుడు వేలికి అడ్డం వస్తోందని, నలిగి ముడతలు పడిందని చాలామంది ముందుగా చింపి పారేసేది దాన్నే. నేనూ చిన్నప్పుడు ఒక పుస్తకంలో అలాగే తీసిపారేశాను.

“ఆ ఒక్క దానికీ పొర లేదండమ్మా, అందుకే అంటుకుపోయింది” అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అది నేనే తీశాను బాబూ. ఆరేళ్ళుంటాయేమో. పలక మీద బొమ్మ దించడానికి పలచటి కాగితం కావలసి వచ్చింది” అన్నారు.

ఏ బొమ్మ దించారని అడిగాను. జాబితాలో మిగిలిపోయిన పేరును నేను అప్పటికి పైకి చదవలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుంటూ చెప్పారు: “కాకి. ముసలి కాకి, దాని మేజోడు. కాకికి మేజోడేమిటని తాతగార్ని అడిగితే, అందులో అది సొమ్ము దాచుకుంటుందన్నారు.” జాబితాలో తక్కువైన పేరు సరిగ్గా అదే. పక్షుల దీవిలోని ఆ ముసలి కాకి ఏళ్ళ తరబడి రహస్యంగా మేజోడు నింపుకుంటూ వచ్చిందని ఆ బొమ్మ కింది వాక్యం.

ఆ సాయంత్రం మిత్రుడు ఆర్కే బీచికి తీసుకువెళ్ళి కురుసుర జలాంతర్గామిని చూపించాడు. నా మనసు అక్కడ నిలవలేదు. ధర ఎంత చెప్పాలన్నదాని మీదే రాత్రంతా ఆలోచించాను. పుస్తకం వెల తెలియనివారి దగ్గర తక్కువకు కొనడం ఈ సేకరణలో చాలామంది గొప్పగా చెప్పుకునే విషయం. నాకు అది మింగుడుపడదు. ఆదివారం పొద్దున వెళ్ళి, లోపలి లోపాలతో సహా ఈ ప్రతి విదేశాల్లో ఎంత పలకగలదో, నేను ఎంత ఇవ్వగలనో రెండూ చెప్పాను. ఎక్కువ వచ్చేచోటికి పంపాలంటే దారి నేనే చూపిస్తానని కూడా అన్నాను. ఆవిడ అమెరికాలో ఉన్న కొడుకుతో ఫోనులో మాట్లాడి, నేను చెప్పిన మొత్తానికే ఒప్పుకున్నారు. ఒక్క షరతు పెట్టారు: బొమ్మలు విడదీసి అమ్మకూడదు.

పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెడతామని వారి మనవరాలు అంటే వద్దన్నాను. లోపల చెమ్మ ఉంటే అది అక్కడే ఉడుకుతుంది. నూలు తువ్వాలులో చుట్టి, రెండు అట్టముక్కల మధ్య పెట్టి, దారంతో వదులుగా కట్టాను. తిరుగు రైలులో దాన్ని పై అరలో పెట్టడానికి మనసొప్పక, రాజమండ్రిలో గోదావరి వంతెన దాటేదాకా ఒళ్ళో అడ్డంగా ఉంచుకునే కూర్చున్నాను. ఆ రెండు ఆకులను విడదీయించే ప్రయత్నం చేయను. ఇంటికి చేరాక బొమ్మల జాబితా ఎదుట పెట్టే కాగితం మీద పెన్సిలుతో ఇలా రాశాను: మొత్తం 50. కనిపించేవి 49. ఒకటి 2014 తుపానులో అంటుకుపోయింది. అందులో ఉన్నది ముసలి కాకి, దాని మేజోడు. విశాఖపట్నం పాత నగరంలో ఒకరు చిన్నప్పుడు దాన్ని చూసి, పలక మీద దించుకున్నారు.